మూడు బీడీల నీళ్లు

హలో, వినబడుతోందా? నేనే. ఒక్క నిమిషం పక్కకు రండి, మీ దగ్గర టీవీ మోత ఎక్కువగా ఉంది. ఆ, ఇప్పుడు బాగుంది. ఇంట్లో అందరూ క్షేమమేనా? పోయిన వారం హిబాను చెరుకుతోటలో కూర్చోబెట్టి వదిలేశానని చాలామంది కోప్పడ్డారు. మార్చి ఎండలో, అదీ రంజాన్ ఉపవాసం, రోజాలో ఉన్న పిల్లను అట్లా వదిలేస్తారా అని ఒక చెల్లెమ్మ గట్టిగానే అడిగింది. నిజమే, తప్పు నాదే. పదండి, ముందు ఆ పిల్లను బయటికి తీసుకొద్దాం.

కొత్తగా చేరినవాళ్లకు రెండు మాటలు. హిబా బాన్సువాడలో డిగ్రీ మూడో సంవత్సరం, చదివేది మొక్కల శాస్త్రం. నస్రుల్లాబాద్ దగ్గర కాలువ కింద వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, రహీమున్నిసాకు పొలముంది. అందులో ఒక మూల ఆరు చిన్న మళ్లు కట్టి హిబా వరి నాటింది. మూడు మళ్లలో ఎప్పుడూ నీళ్లుంటాయి. మిగతా మూడింటికి ఒకసారి పెట్టాక, మట్టిలో నీళ్లు జానెడు లోతుకు దిగేదాకా మళ్లీ పెట్టకూడదు. ఎంత లోతుకు దిగాయో చూడటానికి బొక్కలు పెట్టిన పైపు ముక్కను మడిలో సగం దాకా పాతింది. రోజూ పొద్దున ఏడింటికి స్కూటీ మీద వచ్చి, అందులో స్కేలు ముంచి, నోట్‌బుక్కులో రాసుకోవాలి. నీళ్లు ఎన్ని మిగిలాయి, గింజ తగ్గిందా లేదా, ఇదే ఆమె ప్రాజెక్టు.

మూడు వారాలుగా ఆ ఆరబెట్టాల్సిన మళ్లు ఆరడం లేదు. పైపులో నీళ్లు కొంచెం దిగినట్టే దిగి, రెండు రోజులకల్లా మళ్లీ పైకి వచ్చేస్తున్నాయి. పైపులు పీకి కడిగింది. ఎలుక బొక్కలనుకుని ఒడ్లన్నీ బురదతో మెత్తింది. గైడు గోపీచంద్ సారేమో, స్కేలు తలకిందులుగా పట్టుకుంటున్నావేమో చూసుకో అన్నాడు. చివరికి పక్క పొలం మహిపాల్ మీద అనుమానమొచ్చి, తూము దగ్గర పదిమందిలో అతన్ని నిలదీసింది కూడా. అతను కాదంటే నమ్మలేదు. నమ్మక, పోయిన మంగళవారం రీడింగు రాసుకుని వెళ్లిపోయినట్టు స్కూటీ స్టార్టు చేసి, మలుపులో దాన్ని ఆపి, కొట్టకుండా మిగిలిపోయిన చెరుకులో దూరి కూర్చుంది.

పార భుజాన వేసుకుని ఒక మనిషి వచ్చాడు. చెప్పులు ఒడ్డు మీద విడిచాడు. ఆరబెట్టాల్సిన రెండో నంబరు మడికి నీళ్లు పారేలా మడవ తీశాడు.

అతను మహిపాల్ కాదు, నీరటి ముత్తెన్న. ఆ కాలువ కింద ఎవరి పొలానికి ఎప్పుడు, ఎన్ని నీళ్లో నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి. హిబాకు నడక రానప్పుడు ఈ ఒడ్ల మీద ఎత్తుకుని తిప్పిన మనిషి.

చెరుకాకులు చేతులు కోస్తున్నా పట్టించుకోకుండా హిబా బయటికొచ్చింది. ముత్తెన్న ఉలిక్కిపడలేదు. నోట్లో వెలిగించని బీడీ చప్పున తీసి చెవి మీద పెట్టుకున్నాడంతే. రోజాలో ఉన్నవాళ్ల ముందు అతను పొగ తాగడు.

"ఇంక పోలేదా బిడ్డా?" అన్నాడు.

హిబా నోరు తెరిచింది. తెరిచాక ఆగలేదు. మూడు వారాలుగా తెల్లారకముందు లేచి సహర్ భోజనం కాగానే ఇక్కడికి పరుగెత్తుకొస్తున్నది ఎందుకో తెలుసా అంది. ఈ మూడు మళ్లు ఎండాలనే ఎండబెడుతున్నానంది. బురద మోసి మోసి నడుము పడిపోయిందనీ, సారు చేత తెలివితక్కువదాన్ని అనిపించుకున్నాననీ, మహిపాల్ మామను దొంగను చేశాననీ ఏకరువు పెట్టింది. ఆయన వింటూనే మడవలో నీళ్ల పారుదల చూస్తున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా మండింది.

"తాతా, నేను మాట్లాడుతుంటే నువ్వు నీళ్లు చూస్తున్నవ్."

"నీళ్లను చూడకుంటే ఒడ్డు తెగుతది బిడ్డా. నువ్వు మాట్లాడు, నేను ఇంటున్న."

ఎందుకు చేశావని అడిగితే, నా కింద ఒక్క మడి నెర్రెలిచ్చిందని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదన్నాడు. అంతటితో సరిపెట్టబోయాడు కానీ ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి మెత్తబడ్డాడు. గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"బీబమ్మ చెప్పింది. పిల్లకు చెప్పకు, చదువు మీద మనసు చెడుతది అన్నది. మడవ మూసినంక పారతోటి చదును చెయ్యమన్నది గూడ బీబమ్మనే."

బీబమ్మ అంటే రహీమున్నిసా. ఈ ప్రయోగానికి మూల పొలం ఇచ్చింది ఆమే. పైపు ముక్కలు దగ్గరుండి కోయించింది ఆమే. ఎవరు ఎదురొచ్చినా నా మనవరాలు సైంటిస్టు అని చెప్పుకునేదీ ఆమే.

బాన్సువాడ ఇంటికొచ్చేసరికి పదిన్నర. నానీ ముందు గదిలో చాప మీద కూర్చుని ఇఫ్తారుకు శనగపప్పు ఏరుతోంది. హిబా అక్క అలీజా మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. తొమ్మిదో నెల. కాన్పుకు పుట్టింటికొచ్చి వారమైంది. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు.

హిబా బ్యాగు కూడా దింపకుండా అడిగింది. నానీ కాదనలేదు. పప్పులోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టి, అవును, నేనే చెప్పాను అంది. అంత నింపాదిగా ఒప్పుకునేసరికి హిబాకు ఏం చేయాలో తోచలేదు. అరిచే మనిషి మీదైతే అరవవచ్చు. పప్పు ఏరుకునే మనిషి మీద ఎట్లా అరుస్తాం? అయినా అరిచింది. ఇది పొలం కాదు, పరీక్ష అంది. గురువారం హైదరాబాదు నుంచి మేడమ్ వస్తోంది. అక్కడి పరిశోధన సంస్థలో వేసవి రెండు నెలలు పని నేర్పిస్తారు, మా కాలేజీ నుంచి ఒక్కరికే సీటు, నా నోట్‌బుక్కు చూసి ఇస్తారు. ఆ నోట్‌బుక్కులో ఇప్పుడు ఏముందో తెలుసా, ఏమీ లేదు అంది.

నానీ చాట పక్కన పెట్టింది.

"వరి పొట్ట మీదున్నది. నీకు కనబడలేదా?"

అంటే కంకి ఇంకా బయటికి రాలేదు, ఆకుమట్టలోనే దాగి, కాండం ఉబ్బి ఉంది. ఆ రోజుల్లో వరిని కడుపుతో ఉన్న మనిషిలా చూసుకోవడం ఆ పక్క ఊళ్లలో అందరికీ అలవాటే, ఏ ఇంటివాళ్లయినా సరే. నానీ అలీజా వైపు చూపు తిప్పింది.

"దీనికి రోజా మాఫ్ చేసిండు అల్లా. మంచి రంజాన్‌ల గూడ, కడుపుతోనున్నదాన్ని దాహంతో ఉండమనలే. మరి నువ్వు గా మడికి ఎందుకు పెట్టినవ్ రోజా?"

అలీజా పక్కకు తిరిగి పడుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఇది మూఢనమ్మకం నానీ అందామనుకుంది హిబా. అనలేకపోయింది. ఇంట్లో ఒకరు రోజులు లెక్కపెట్టుకుంటుంటే, అదే ఇంటి పొలంలో పొట్ట మీదున్న వరి నోరు తెరుచుకుని ఉండటం ఆ ముసలి మనిషి మూడు వారాలు ఎట్లా ఓర్చుకోవాలి?

విసురుగా పైగదికి పోయి సారు ఇచ్చిన జిరాక్సు కాగితాలు తీసింది. ఈ ప్రయోగం ఎట్లా చేయాలో రాసి ఉన్న పన్నెండు పేజీలు అవి. నానీకి చూపించి, ఇదిగో, ఇట్లా రాసుంది, నేను సొంతంగా చేయలేదు అని చెప్పాలనుకుంది. వేళ్లతో పేజీలు తిప్పుతూ వెళ్లింది. ఆరు. తర్వాత ఎనిమిది.

మళ్లీ తిప్పింది. ఆరు, ఎనిమిది.

జనవరి నుంచి ఈ కాగితాలను కనీసం యాభైసార్లు చదివింది. ఏడో పేజీ లేదని ఒక్కసారీ చూడలేదు. ఆరో పేజీ చివరి వాక్యం అక్కడ పూర్తయినట్టే ఉండటం వల్ల అనుమానమే రాలేదు. ఫోనులో వెతికితే మొత్తం పుస్తకం దొరికింది. ఏడో పేజీలో పెట్టె గీసి మరీ రాశారు: పొట్ట దశ మొదలైనప్పటి నుంచి పూత పూర్తయ్యేదాకా మడిని ఆరబెట్టరాదు, రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి, లేకపోతే గింజ తాలు పోతుంది.

హిబా ఫోను మంచం మీద పడేసి గోడకు ఆనుకుని కూర్చుంది. మూడు వారాల కోపం పెట్టుకోవడానికి ఇప్పుడు చోటు లేకుండా పోయింది. నానీ మీద పెడదామంటే నానీ కరెక్టు. ముత్తెన్న కరెక్టు. తప్పు చేయనివ్వకుండా వాళ్లు అడ్డుపడితే, తప్పు చేయడానికి తను బురద మోసింది.

సారుకు ఫోను చేసింది. గోపీచంద్ సారు చెడ్డమనిషేం కాదు, కానీ ఎప్పుడూ పరుగులో ఉంటాడు. జనవరిలో ఫారాలు నింపడానికి టైము లేదని ప్రాజెక్టు పిల్లలందరి చేత తలా నాలుగు తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు, తర్వాత పైన రాసుకోవచ్చని. ఏడో పేజీ సంగతి చెప్పింది. జిరాక్సువాడు మింగి ఉంటాడన్నాడు. ఆ తర్వాత నిట్టూర్చి, ఇప్పుడు అదంతా చెప్పుకుంటే నవ్వులపాలవుతాం, ఆరబెట్టిన మళ్లలో రీడింగులు ఎట్లా ఉండాలో అట్లా ఉన్నాయనుకో అన్నాడు.

"అంటే సార్?"

"ఒక్క కాలమ్ హిబా. జానెడు లోతుకు దిగినట్టు రాస్తే అయిపోయె. ఈ కాలేజీకి ఇన్నేండ్లల్ల మొదటిసారి ఆ సీటు దగ్గరిదాకొచ్చింది. నువ్వు ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట."

వద్దు సార్, నా నోట్‌బుక్కే తెస్తాను అంది. అవతల ఫోను అప్పటికే పెట్టేశాడు.

బుధవారం పొద్దున మళ్లీ పొలానికి వెళ్లింది. దారిలో మహిపాల్ ట్రాక్టరు ఎదురొచ్చింది. స్కూటీ పక్కకు ఆపి, మామా, తప్పైంది, నీళ్లు మళ్లించింది నువ్వు కాదు అని చెప్పింది. మహిపాల్ ఇంజను ఆపకుండానే, దొంగ దొరికిండా, లేకుంటే వచ్చే వారం దాకా నన్నే ఉండమంటవా అని అడిగి వెళ్లిపోయాడు. క్షమించినట్టా కాదా తేలలేదు.

ముత్తెన్న తూము దగ్గర కూర్చుని ఉన్నాడు. హిబా అతని పక్కన కూర్చుని నోట్‌బుక్కు తెరిచింది. జరిగిందేదో జరిగింది, ఏ రోజు ఎన్ని నీళ్లు పెట్టావో చెప్పు తాతా, ఉన్నది ఉన్నట్టు రాస్తానంది. గుర్తున్నంత చెప్పు చాలు అంది. ఆయనకు ఆ మాట కష్టమనిపించింది.

"గుర్తెందుకు బిడ్డా? రాసిపెట్టిన గద."

తూము గోడకు లోపలివైపు బొగ్గు గీతలున్నాయి. చిన్నప్పటి నుంచి ఆమె చూస్తున్నవే, పిల్లల గీతలనుకునేది. ఒక్కో పొలానికి ఒక్కో వరుస. మహిపాల్ వరుస మొదట్లో ట్రాక్టరు చక్రం బొమ్మ. నానీ వరుస మొదట్లో నెలవంక. మధ్యమధ్య పొడుగు గీతలు వారానికోసారి అంగడి జరిగే రోజులు. అక్కడి నుంచి లెక్కపెడితే ఏ గీత ఏ రోజుదో తేలిపోతుంది. మూడు వారాల్లో ఏడుసార్లు, ప్రతిసారీ తొమ్మిది చిన్న గీతలు.

తొమ్మిదేమిటి అంటే మడికి మూడు, మూడు మళ్లకు తొమ్మిది అన్నాడు. మూడేమిటి అంటే బీడీలు అన్నాడు. మడవ తీసి బీడీ ముట్టిస్తాడట. అది అయిపోతే ఒక బీడీ నీళ్లు. వాళ్ల నాయన చుట్ట లెక్క చెప్పేవాడట కానీ చుట్ట మధ్యలో ఆరిపోతుంది, లెక్క తప్పుతుంది.

హిబా రెండు చేతులతో తల పట్టుకుంది. హైదరాబాదు నుంచి వచ్చే మేడమ్‌కు లీటర్లలో చెప్పాలి. ఈయన బీడీలలో చెబుతున్నాడు.

"ఒక్కపూటకు తొమ్మిది బీడీలా తాతా? పానం ఏమైతది?"

"ఏం జెయ్యాలె? నీ మళ్లు నీళ్లు తాగినయ్, నేను పొగ తాగిన."

ఆమెకు నవ్వాగలేదు. మూడు వారాల్లో మొదటిసారి నవ్వింది. నవ్వాక ఫోనులో స్టాప్‌వాచ్ తీసి, అయితే ఇప్పుడు తాగి చూపించు అంది. ముత్తెన్న ససేమిరా అన్నాడు. రోజాలో ఉన్న పిల్ల ముఖం మీద పొగ వదిలే మనిషిని కాదన్నాడు. చదువు కోసం తాతా అని బతిమాలితే, చివరికి గాలి అటు పోతోందో ఇటు పోతోందో చూసుకుని, నాలుగు మళ్ల అవతలికి వెళ్లి వీపు తిప్పి కూర్చున్నాడు. ముట్టించినప్పుడు ఒకసారి, పారేసినప్పుడు ఒకసారి చెయ్యెత్తాలని ఒప్పందం. ఎండలో ఆ ముసలి చెయ్యి లేచి దిగుతుంటే హిబా ఇటు నిమిషాలు రాసుకుంది. ఆరు నిమిషాల పది సెకన్లు. అయిదు యాభై. ఆరు. నలభై ఏళ్ల అలవాటు, గడియారంలా నడుస్తోంది.

తర్వాత మడవ దగ్గర ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి చూసింది. ఇరవై సెకన్లకు నిండింది. అంటే సెకనుకు లీటరు. మూడు బీడీలంటే పద్దెనిమిది నిమిషాలు. పద్దెనిమిది నిమిషాలంటే వెయ్యి లీటర్ల పైచిలుకు. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున్న మడిలో వెయ్యి లీటర్లు పోస్తే ఎంత ఎత్తు నిలుస్తుందో లెక్క కట్టింది. నమ్మలేక ఇంకోసారి కట్టింది.

రెండంగుళాలు. ఏడో పేజీలో పెట్టె గీసి రాసిన రెండంగుళాలు.

ఆ పేజీ ముత్తెన్న చూడలేదు. చూసినా చదవలేడు. హిబా గోడ మీది గీతలన్నీ ఫోటోలు తీసుకుంది, ఒక్కొక్కటీ తారీఖు వేసి నోట్‌బుక్కులోకి ఎక్కించుకుంది. ఆరబెట్టింది పొట్ట దశకు ముందు ఇన్ని రోజులు, ఆ తర్వాత ఆరబెట్టలేదు, కారణం ఇది, నీళ్లు పెట్టింది వీళ్లు, ఇంత అని మొత్తం రాసింది. మిగిలిన నీళ్లు తను అనుకున్నదాంట్లో సగమే. అయినా అవి నిజంగా మిగిలిన నీళ్లు.

గురువారం పదింటికి ముత్తెన్నను స్కూటీ వెనక ఎక్కించుకుని కాలేజీకి వెళ్లింది. ఆయన ఉతికిన ధోతి కట్టుకుని వచ్చాడు. ల్యాబు బయట గోపీచంద్ సారు ఎదురొచ్చి, ఈయనెవరని అడిగాడు.

"నా రీడింగులు సార్," అంది హిబా.

సారు ముఖం మారింది. ఏదో చెప్పబోయాడు. అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది. ముత్తెన్నను తలుపు దగ్గర ఆపి ఆమెను లోపలికి నడిపించాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన బిందుమాధవి మేడమ్ కిటికీ పక్కన కూర్చుంది. ముందున్న బల్ల మీద ప్రింటు తీసిన కాగితాలున్నాయి. హిబా నోట్‌బుక్కు ఇంకా బ్యాగులోనే ఉంది. మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని ఆ కాగితాల మీద పెన్సిలుతో ఒక చోట సున్నా చుట్టింది.

"పొట్ట దశలో కూడా జానెడు లోతు దాకా ఆరబెట్టారా? మూడు వారాలు? గింజ తాలు పోదూ?"

సారు, మా పిల్ల చాలా పట్టుదలగా చేసింది మేడమ్ అన్నాడు. హిబా ఆ కాగితాల వైపు వంగి చూసింది. ఆ కాలమ్ నిండా ఎక్కడా లేని అంకెలు, వరసగా, ముచ్చటగా. నోరు ఎండిపోయింది. అది రోజా వల్ల కాదు. ఊరుకుంటే సీటు వస్తుంది. సారు పరువు దక్కుతుంది. ఊరుకోకపోతే రెండూ పోవచ్చు. తలుపు దగ్గర ముత్తెన్న, ఒడ్డు మీద నిలబడి మడవను చూసినట్టే, కదలకుండా ఆమెనే చూస్తున్నాడు.

బ్యాగులోంచి నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టింది. బురద మరకలతో, మూలలు ముడుచుకుపోయి ఉంది.

"మేడమ్, నేను రాసినయి ఇవి. అవి నావి కావు."

సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మేడమ్ నోట్‌బుక్కు తెరిచి రెండు పేజీలు చదివింది. బీడీ అన్న మాట దగ్గర ఆగి తలుపు వైపు ఒకసారి చూసింది. మళ్లీ చదివింది. తర్వాత ప్రింటు కాగితాల కట్టను తిప్పి, చివరి పేజీ పైకి తీసి, హిబా ముందుకు జరిపింది.

"నీవి కావంటున్నావు. మరి ఈ రీడింగులు నేనే స్వయంగా తీశానని ఇక్కడ రాసి, కింద సంతకం ఉంది. ఇది ఎవరో పెట్టిన దొంగ సంతకమా? చూసి చెప్పు."

హిబా చూసింది. నీలం సిరా. చివర్లో తను ఎప్పుడూ లాగే చిన్న తోక. జనవరిలో, నాలుగు తెల్లకాగితాల్లో ఒకటి.

దొంగ సంతకం కాదు. ఆమెదే.

హిబా ఏం జవాబు చెప్పిందో వచ్చే వారం చెబుతా, మరి నేను ఫోను పెడుతున్నా. మీ ఇంట్లో, మీ వాడలో కాలేజీ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలెవరైనా ఉంటే ఈ కథను ముందు వాళ్లకు పంపండి, తెల్లకాగితం మీద సంతకం పెట్టేలోపే వాళ్లకు చేరాలి. కాలువ కింద పొలమున్నవాళ్లుంటే మీ నీరటి పక్కన కూర్చుని చదివి వినిపించండి, ఆయన లెక్క ఎన్ని బీడీలో అడిగి నాకూ చెప్పండి.